తెల్లవారితే ఏ తేదీ?

ఉత్తరాంధ్రలో పక్కపక్కనే ఉన్న మూడు జిల్లాలు ఏర్పడిన తేదీలు ఇవి: శ్రీకాకుళం 15-08-1950, విజయనగరం 01-06-1979, పార్వతీపురం మన్యం 04-04-2022. ఏ తహసీల్దారు కార్యాలయంలోని గుమాస్తా అయినా వీటిని తడుముకోకుండా చదువుతాడు. ముందు రోజు, తర్వాత నెల, చివర సంవత్సరం. బడి రిజిస్టరు నుంచి భూమి పట్టా దాకా ఇక్కడ అందరి చేతికీ అలవాటైన వరస అది. ఇవే మూడు స్ట్రింగులను, అంటే అక్షరాల పేర్పులను, నెలను ముందు చదివే అమెరికా అలవాటున్న ప్రోగ్రామ్‌కు ఇస్తే ఒక్కో జిల్లాకు ఒక్కో గతి పడుతుంది.

శ్రీకాకుళం దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంది. పదిహేనో నెల లేదు కాబట్టి ఎర్రర్ చూపుతుంది. మన్యం దగ్గర తప్పు పద్ధతిలో చదివి ఒప్పు జవాబు చెబుతుంది; నాలుగును ఎటు తిప్పినా నాలుగే. విజయనగరం దగ్గర మాత్రం 1979 జనవరి 6 అని రాసుకుని ఏమీ ఎరగనట్టు ముందుకు సాగుతుంది. జిల్లా దాదాపు అయిదు నెలలు ముందే పుట్టినట్టు లెక్క.

ఎర్రర్ అంటే అందరికీ భయం. నిజానికి ఈ మూడింటిలో మేలు చేసింది శ్రీకాకుళమే. అది అరిచింది కాబట్టి ఎవరో ఒకరు లేచి చూస్తారు. విజయనగరం సంగతి ఎవరికీ తెలియదు. అయిదారేళ్ల తర్వాత ఏ సీనియారిటీ జాబితాలోనో, ఏ పింఛను దరఖాస్తులోనో బయటపడుతుంది. లీపు కాని ఏడాదిలోని 365 తేదీలను ఇలా తారుమారు చేసి చూస్తే, రోజు అంకె 12 దాటినవి 221. అవి ఎర్రర్ ఇచ్చి తీరతాయి. రోజు, నెల అంకెలు ఒకటే అయినవి 12. వాటికి దెబ్బ తగలదు. మిగిలిన 132 తేదీలు చప్పుడు లేకుండా మరో తేదీగా మారిపోతాయి. మూడో వంతు కంటే ఎక్కువే.

రాసిన తేదీని చదివి కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్‌ను పార్సర్ అంటారు. ఎర్రర్‌ను తప్పించుకోవాలన్న ఆత్రంలోంచి పుట్టినవే ఊహించే పార్సర్లు. ఏ రూపంలో ఇచ్చినా అర్థం చేసుకుంటామని ఇవి చెప్పుకుంటాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో బాగా వాడుకలో ఉన్న డేట్‌యుటిల్ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) అలాంటిదే. విడిగా ఏమీ చెప్పకపోతే అది నెలను ముందు చదువుతుంది. నెల స్థానంలో 15 కనిపిస్తే మాత్రం, ఇది రోజు అయి ఉంటుందిలే అని తనే సర్దుకుంటుంది. ఫలితం ఏమిటంటే, ఒకే కాలమ్‌లో ఉన్న శ్రీకాకుళం తేదీ సరిగ్గానే వస్తుంది, విజయనగరం తేదీ మారిపోతుంది. పై వరసలు నాలుగు చూసి అంతా సవ్యంగా ఉందనుకునే అవకాశం చాలా ఎక్కువ. డేటా విశ్లేషకులు వాడే పాండాస్ లైబ్రరీ కూడా చాలా కాలం ఇలా వరసకో తీరుగా ఊహించింది. 2023లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి మొదటి విలువను చూసి ఒక రూపాన్ని నిర్ణయించుకుని, కాలమ్ అంతటికీ దాన్నే వర్తింపజేసి, కుదరకపోతే ఎర్రర్ ఇస్తోంది. మంచి మార్పు. కాకపోతే మొదటి వరసలోనే విజయనగరం ఉంటే ఆ నిర్ణయం కూడా పొరపాటే అవుతుంది.

ఎక్సెల్‌లో ఈ జబ్బును కంటితోనే పట్టుకోవచ్చు. అమెరికా సెట్టింగులున్న కంప్యూటర్‌లో సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) తెరిస్తే 15-08-1950 మామూలు అక్షరాల మాదిరిగా గడిలో ఎడమ వైపుకు ఆనుకుని ఉంటుంది, 01-06-1979 తేదీగా మారి కుడి వైపుకు జరుగుతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని ఎడమకు, కొన్ని కుడికి కనిపించాయంటే కుడి వైపువే అనుమానించాలి. సాధారణంగా అందరూ ఎడమ వైపు వాటిని సరిచేయబోతారు.

జావాలోని పాత సింపుల్‌డేట్‌ఫార్మాట్ మరీ ఉదారం. నెల, రోజు, సంవత్సరం అన్న వరస ఇచ్చి 15-08-1950 చదవమంటే అది ఎర్రర్ కూడా ఇవ్వదు. పదిహేనో నెల అంటే మరుసటి ఏడు మూడో నెల అని లెక్కగట్టి 1951 మార్చి 8 అంటుంది. 2014లో జావా 8తో వచ్చిన కొత్త తేదీల లైబ్రరీ చాలా మెరుగు. దానిలోనూ సొంతంగా రాసిన నమూనాతో (తేదీ రూపాన్ని చెప్పే అక్షరాలతో) 2022-02-31 ఇస్తే మామూలు ధోరణిలో ఫిబ్రవరి 28గా దిద్దుకుని ఊరుకుంటుంది. దిద్దకుండా తిరస్కరించాలంటే కఠిన ధోరణి కావాలని విడిగా అడగాలి. నమూనా అక్షరాల్లో పెద్ద ఎమ్ అంటే నెల, చిన్న ఎమ్ అంటే నిమిషం. చిన్న వై అంటే మామూలు సంవత్సరం, పెద్ద వై అంటే వారాల లెక్కన నడిచే సంవత్సరం. ఈ రెండో తేడా పదకొండు నెలల పాటు నిద్రపోయి డిసెంబరు చివరి వారంలో లేస్తుంది.

గో భాషలో నమూనా అక్షరాలే లేవు. 2006 జనవరి 2, మధ్యాహ్నం 3 గంటల 4 నిమిషాల 5 సెకన్లు అన్న ఒక స్థిర సమయాన్ని కావలసిన రూపంలో రాసి చూపాలి. ఒకటి నెల, రెండు రోజు, మూడు గంట అన్న గుర్తు వెనక ఉన్నది మళ్లీ అమెరికా వరసే. విజయనగరం తేదీని సరిగ్గా చదవాలంటే 02-01-2006 అని రాయాలి. చేతి అలవాటు కొద్దీ 01-02-2006 అని రాస్తే జనవరి 6కు తిరిగొచ్చినట్టే.

రెండంకెల సంవత్సరం గురించి ఒక్క మాట చాలు. పైథాన్ సహా చాలా చోట్ల నడిచే పోసిక్స్ (యూనిక్స్ తరహా కంప్యూటర్ వ్యవస్థల ఉమ్మడి ప్రమాణం) సంప్రదాయంలో 69 నుంచి 99 వరకు గత శతాబ్దం, 00 నుంచి 68 వరకు ఈ శతాబ్దం. 01-06-79 క్షేమంగా 1979కి చేరుతుంది. 15-08-50 మాత్రం 2050కి వెళ్తుంది. శ్రీకాకుళం జిల్లా ఇంకా పుట్టలేదన్నమాట.

ఈ గందరగోళానికి విరుగుడుగా వచ్చినదే ఐఎస్‌ఓ 8601 ప్రమాణం. మొదటిసారి 1988లో వెలువడింది, 2019లో రెండు భాగాలుగా సవరించారు. సంవత్సరం నాలుగంకెలు, నెల రెండంకెలు, రోజు రెండంకెలు, ఆ వరసలోనే. పెద్దది ముందు, చిన్నది వెనక కాబట్టి అక్షర క్రమంలో పేరిస్తే కాల క్రమం తానే వస్తుంది. ఫైళ్ల పేర్లకు ఇంతకంటే సుఖమైన పద్ధతి లేదు.

అయితే ప్రమాణం అన్న మాట విని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఐఎస్‌ఓ 8601 ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం. మన్యం జిల్లా పుట్టిన రోజును 2022-04-04 అనవచ్చు, గీతలు తీసేసి 20220404 అనవచ్చు, ఏడాదిలో 94వ రోజు కాబట్టి 2022-094 అనవచ్చు, పద్నాలుగో వారంలో మొదటి రోజు అని వారాల లెక్కలోనూ చెప్పవచ్చు. అన్నీ ఐఎస్‌ఓ 8601కు లోబడినవే. ఒక సంస్థ తమ ఏపీఐ (ఇతర ప్రోగ్రామ్‌లు సమాచారం పంపే ద్వారం) ఐఎస్‌ఓ 8601 స్వీకరిస్తుందని రాస్తే, వీటిలో ఏవి స్వీకరిస్తుందో చెప్పనట్టే లెక్క. ఇంటర్నెట్ కోసం ఈ కుటుంబంలోంచి ఒక చిన్న శాఖను విడదీసి 2002 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 3339 అనే పత్రాన్ని ప్రచురించారు. అందులో వారాలు లేవు, రోజు సంఖ్యలు లేవు. తేదీకి, సమయానికి మధ్య టీ అన్న ఆంగ్ల అక్షరం. చదవడానికి వీలుగా దాని బదులు ఖాళీ వదలడానికీ సమ్మతి ఉంది. చివర ఆఫ్‌సెట్, అంటే సార్వత్రిక సమయానికి (యూటీసీకి) ఎంత ముందో ఎంత వెనకో చెప్పే అంకె, తప్పనిసరి. ఏపీఐ పత్రాల్లో రాయవలసింది ఈ పేరే.

పైథాన్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 3.7 వెర్షన్‌లో ఐఎస్‌ఓ స్ట్రింగును చదివే ఫంక్షన్ పెట్టారు గాని, సార్వత్రిక సమయానికి గుర్తుగా చివర వచ్చే జెడ్ అక్షరం దానికి తెలియదు. లోకంలోని సర్వర్లన్నీ జెడ్‌తో పంపుతుంటే అది ప్రతిసారీ ఎర్రర్ ఇచ్చేది. దాంతో జెడ్‌ను +00:00గా మార్చే ఒక వరస ఎన్నో ప్రోగ్రామ్‌లలో అతుకులా కనిపిస్తుంది. 2022లో వచ్చిన 3.11తో ఆ కొరత తీరింది. అదే వెర్షన్‌లో 20220404 లాంటి రూపాలకూ తలుపు తెరిచారు. గీతలున్న తేదీని మాత్రమే ఒప్పుకుంటుందన్న నమ్మకంతో ఆ ఫంక్షన్‌ను తనిఖీ కోసం వాడినవాళ్ల ప్రోగ్రామ్‌లోకి, కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే, కొత్త రూపాలు వచ్చి చేరాయి.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే అక్షరాల నమూనాతో, తనిఖీ చేద్దామనుకునే తెలుగువాళ్లకు ఒక చిక్కు ఉంది. పైథాన్‌లో అంకె అన్న గుర్తు యూనికోడ్ అంకెలన్నింటికీ వర్తిస్తుంది. ౦౧-౦౬-౧౯౭౯ అని తెలుగు అంకెల్లో రాసినా తనిఖీ దాటుతుంది. ౧౯౭౯ని సంఖ్యగా మార్చమంటే చక్కగా 1979 ఇస్తుంది కూడా. జావాస్క్రిప్ట్‌లో ఇదే తనిఖీ ఒప్పుకోదు. బ్రౌజరు వద్దన్నదానికి సర్వర్ సరేనంటుంది.

ఇంతవరకు తేదీలు. సమయం వచ్చి చేరితే వ్యవహారం ముదురుతుంది. ఈ విషయంలో మన శుభలేఖ రాసేవాళ్లు ప్రోగ్రామర్ల కంటే ముందున్నారు. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, గడియారంలో అర్ధరాత్రితో. రాత్రి మూడు గంటల ముహూర్తానికి ఏ వారం రాయాలి? అందుకే శుభలేఖలో బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం అని రాస్తారు. రెండు లెక్కల్లో ఏ లెక్కవాడు చదివినా పెళ్లి తప్పిపోకుండా, అర్థానికి కావలసిన సమాచారం ఆ వాక్యంలోనే ఉంటుంది. ఆర్‌ఎఫ్‌సీ 3339లో చివరనుండే +05:30 చేసే పని సరిగ్గా ఇదే.

తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, 4:30కీ 5:30కీ మధ్య. మొదటి సమయాన్ని 2018-10-11 04:30:00+05:30 అని రాయవచ్చు. సార్వత్రిక సమయంలో అదే క్షణం 2018-10-10 23:00:00+00:00. తేదీయే వేరు. ఉద్దానంలో తుపాను ఎప్పుడొచ్చిందని అడిగితే పదో తేదీ రాత్రి, తెల్లవారితే పదకొండు అని పెద్దలు చెప్పే లెక్కకు సర్వర్ రాసుకున్న 10వ తేదీ కాకతాళీయంగా సరిపోతుంది. రెండూ ఒప్పే. +05:30 అన్న తోక తెగిపోతేనే తంటా. 2018-10-11 04:30:00 అని మాత్రమే మిగిలితే అది ఎక్కడి నాలుగున్నరో స్ట్రింగుకు తెలియదు. క్లౌడ్ సర్వర్లు సాధారణంగా సార్వత్రిక సమయంలో నడుస్తాయి. శ్రీకాకుళంలో లాప్‌టాప్ మీద సరిగ్గా పనిచేసిన కోడ్, సర్వర్ మీదకు వెళ్లగానే అయిదున్నర గంటలు పక్కకు జరగడానికి కారణం ఇంతే: తోక లేని చోట ప్రతి కంప్యూటర్ తన సొంత సమయాన్ని తగిలించుకుంటుంది. ఇక దీన్ని 11-10-2018 అని రాసి ఉంటే, నెలను ముందు చదివే పార్సర్ తుపానును నవంబరు 10కి వాయిదా వేసేది.

అక్షర క్రమం కాల క్రమం అవుతుందన్న సౌకర్యం కూడా తోకలు వేరైతే చెల్లదు. పైన చెప్పిన 04:30 +05:30 విలువ పక్కన 2018-10-10 23:30:00+00:00 పెడితే, అరగంట తర్వాతి క్షణమే అయినా వరసలో ముందు వచ్చి కూర్చుంటుంది. వానల లెక్కకూ ఇలాంటి ముడి ఒకటి ఉంది. వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతం ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు, అంటే సార్వత్రిక సమయం 03:00 నుంచి 03:00 వరకు. ఆ రోజును అర్ధరాత్రి మొదలయ్యే తేదీగా పార్స్ చేస్తే పలాస వాన పక్క తేదీలోకి ఒలుకుతుంది.

అయిదున్నర అన్న అంకె సూర్యుడిచ్చింది కాదు. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా 1906 జనవరి 1 నుంచి అమలు చేసిన నిర్ణయం. శ్రీకాకుళం దాదాపు 83.9 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి అరసవల్లి సూర్యనారాయణ స్వామి గడియారం మన గడియారం కంటే అయిదున్నర నిమిషాలు ముందు నడుస్తుంది. విజయనగరానికి ఆ తేడా మూడున్నర నిమిషాలు. ప్రోగ్రామ్‌కు దీనితో పని లేదు. ఆఫ్‌సెట్ అనేది భూగోళం విషయం కాదు, ప్రభుత్వ ఉత్తర్వు అని గుర్తుంటే చాలు.

ఈ అయిదున్నర గంటల వల్ల భారతీయులకు తగిలే దెబ్బలు కొన్ని ఉన్నాయి. వాటిలో అందరికీ తగిలేది జావాస్క్రిప్ట్‌ది. ఆ భాషలో 1979-06-01 అని తేదీ ఒక్కటే ఇస్తే సార్వత్రిక సమయంగా తీసుకుంటుంది. దాని వెనక గంటలు చేర్చి ఆఫ్‌సెట్ ఇవ్వకపోతే స్థానిక సమయంగా తీసుకుంటుంది. ఒకే తేదీ, రెండు అర్థాలు. మొదటిది భారత్‌లో ఉదయం 5:30 అవుతుంది. తేదీ మారదు కాబట్టి ఇక్కడి డెవలపర్ కంటపడదు. అమెరికాలో ఉన్న కొడుకు అదే పేజీ తెరిస్తే మే 31 కనిపిస్తుంది. రెండోది తిరిగి పంపేటప్పుడు కొడుతుంది. క్యాలెండరులో జూన్ 1 నొక్కితే స్థానిక అర్ధరాత్రి తయారవుతుంది. దాన్ని ఐఎస్‌ఓ స్ట్రింగుగా మార్చమంటే 1979-05-31 18:30 వస్తుంది. మొదటి పది అక్షరాలు కత్తిరించి డేటాబేస్‌లో పెడితే విజయనగరం ఈసారి ఒక రోజు ముందు పుడుతుంది. లాగ్ ఫైల్లో 18:30 తరచూ కనిపిస్తోందంటే ఎవరో భారతీయ అర్ధరాత్రిని పార్స్ చేస్తున్నారని ఆనవాలు పట్టవచ్చు.

కువైట్‌లో పనిచేసే సోంపేట మనిషి జూన్ 10 రాత్రి 11 గంటలకు డబ్బు పంపితే, అక్కడి ఆఫ్‌సెట్ +03:00 కాబట్టి, ఇంటి దగ్గర అప్పటికే జూన్ 11, అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. పంపినవాడి రసీదులో ఒక తేదీ, ఇంట్లోవాళ్ల ఫోనులో మరో తేదీ. ఎవరిదీ తప్పు కాదు. రెండు చోట్లా ఒకే తేదీ కనిపించేలా చేయమని అడిగే అధికారికి ఈ సంగతి ఓపికగా చెప్పాలి.

ప్లస్ గుర్తు కూడా ఒక బోనే. వెబ్ చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాత వచ్చే భాగంలో ప్లస్ అంటే ఖాళీ అని ఫారాల పాత ఆచారం. +05:30ను ఉన్నదున్నట్టు చిరునామాలో పెడితే సర్వర్‌కు చేరేసరికి ప్లస్ మాయమై, సమయం పక్కన ఖాళీ, దాని పక్కన 05:30 మిగులుతాయి. కఠినమైన పార్సర్ ఎర్రర్ ఇస్తుంది, ఊహించే పార్సర్ ఏమి చేస్తుందో ఊహించడం కష్టం. జెడ్ పెట్టి పంపే దేశాల డెవలపర్లు ఏళ్ల తరబడి దీన్ని చూడకుండానే గడిపేస్తారు. ఐఎస్‌టీ అన్న పొట్టి పేరు రాసి తప్పించుకుందామంటే అదీ కుదరదు. ఇజ్రాయెల్, ఐర్లండ్ కూడా అదే పేరు వాడుకుంటున్నాయి.

ఆఫ్‌సెట్ ఒక క్షణానికి సంబంధించిన సంగతి. టైమ్ జోన్ అంటే ఒక ప్రాంతంలో ఆ ఆఫ్‌సెట్ ఎప్పుడెప్పుడు ఎంతుందో చెప్పే చరిత్ర. ఏషియా/కోల్‌కతా అన్న జోన్‌లో చరిత్ర ఏముంటుంది, అంతా +05:30యే కదా అనిపిస్తుంది. కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు 15 వరకు, దేశంలో గడియారాలు గంట ముందుకు జరిపి ఉన్నాయి. ఆ మూడేళ్లూ ఆఫ్‌సెట్ +06:30. 1943 జులై 10న పుట్టిన పెద్దాయన తేదీని ఏషియా/కోల్‌కతా అర్ధరాత్రిగా పార్స్ చేసి డేటాబేస్‌లో క్షణంగా దాచారనుకుందాం. సార్వత్రిక సమయంలో అది జులై 9, 17:30. మరో ప్రోగ్రామ్ దానికి చరిత్ర చూడకుండా అయిదున్నర గంటలు కలుపుతుంది: జులై 9, రాత్రి 11 గంటలు. పింఛను కాగితం మీద తేదీ ఒకటి, ఆధార్ మీద మరొకటి. కార్యాలయం మెట్లు ఎక్కి దిగవలసింది ఆయన.

పుట్టిన తేదీకి గంటలు తగిలించడమే అక్కడ మొదటి తప్పు. పుట్టిన తేదీ, సెలవు, జిల్లా ఆవిర్భావం వంటివి క్యాలెండరులో గళ్లు. వాటికి ఆఫ్‌సెట్ అక్కర్లేదు, తేదీ మాత్రమే పట్టే రకంలో దాచాలి. తుపాను తీరం దాటడం, డబ్బు చేరడం క్షణాలు. వాటికి ఆఫ్‌సెట్ లేకుండా స్వీకరించకూడదు. పైడితల్లి సిరిమానోత్సవం వచ్చే ఏడు మధ్యాహ్నం ఫలానా గంటకు అని ప్రకటిస్తే అది మూడో రకం: విజయనగరం గడియారంలో ఆ గంట. దాన్ని స్థానిక సమయంగానే ఉంచి, పక్కన జోన్ పేరు రాసుకోవాలి. అలా జోన్ పేరును స్ట్రింగు చివర చేర్చే పద్ధతికి 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9557 ఒక రూపం ఇచ్చింది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం ఏ తేదీన పడుతుందో మాత్రం ఏ పార్సర్ చెప్పదు. ముందు దశమి ఎప్పుడో పంచాంగం చూసి తెలుసుకోవాలి.

ఫారం నింపే మనిషి నుంచి తేదీ తీసుకునేటప్పుడు నెలను అంకెలో కాక పేరుతో చూపితే సగం చిక్కులు పుట్టవు. 1 జూన్ 1979 అన్నదాన్ని ఎవరూ జనవరి 6గా చదవలేరు. బ్రౌజరులోని తేదీ పెట్టె తెర మీద ఏ వరసలో చూపినా సర్వర్‌కు పంపేది ఎప్పుడూ 1979-06-01 రూపంలోనే. పాత ఫైళ్లను చదవాల్సి వస్తే రూపాన్ని కోడ్‌లో నిర్దిష్టంగా రాయాలి, కుదరని వరసలను పక్కన పెట్టి మనిషికి చూపాలి.

కోడ్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించడానికి చాలామంది 01-01-2000 రాస్తారు. రోజు, నెల తారుమారైనా ఆ పరీక్ష నెగ్గుతుంది. 04-04-2022 కూడా అంతే. పరీక్షల ఫైల్లో ఉండవలసినది 01-06-1979. దాని పక్కనే, అర్ధరాత్రి దాటిన నాలుగున్నర గంటలతో, 11-10-2018.